పాత ఫ్యాక్టరీ స్థలం: బోరు ఎక్కడ వేయాలో ఎలా తేల్చాం

మూతపడ్డ ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కట్టాలనుకునేవాళ్లు మట్టి పరీక్ష అనగానే అడిగే మొదటి మాట "ఎన్ని బోర్లు?" అని. ఇక్కడ మట్టి పరీక్ష అంటే నేలలో, నేల కింది నీళ్లలో విషాలు ఉన్నాయా అని చూడటం, బోరు అంటే అందుకోసం నేలలోకి వేసే సన్నటి రంధ్రం. బోర్ల లెక్క ఆఖర్న తేలుతుంది. ఏ మూల ఏ పని జరిగిందో ముందు తెలియాలి. మేం పరీక్షించిన స్థలం రెండు హెక్టార్లు, అంటే దాదాపు అయిదెకరాలు. యంత్రాల విడిభాగాలు చేసి, వాటికి క్రోమియం, నికెల్ పూత వేసిన కర్మాగారం అది. ఒక చివర ప్లేటింగ్ షాపు, మధ్యలో విడిభాగాల జిడ్డు వదిలించే సాల్వెంట్ తొట్టి, వెనక బాయిలరు, గేటు దగ్గర భూమిలో డీజిల్ ట్యాంకు, ప్రహరీ పక్కన ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె. షెడ్లు సగం అప్పటికే పడగొట్టేశారు. చిన్న నగరం కాబట్టి బడ్జెట్ తక్కువ, ల్యాబు ఒక రాత్రి ప్రయాణమంత దూరం. ఈ రెండూ పని తీరును చాలానే మార్చాయి.

మొదటి రెండు వారాలు పార ముట్టుకోలేదు. పాత మ్యాపులు, విమానం నుంచి తీసిన ఫొటోలు, ఫ్యాక్టరీ లైసెన్సు ప్లాన్లు, అగ్నిప్రమాద బీమా కోసం గీసిన నక్షాలు దొరికినన్ని తెచ్చి, అన్నిటినీ ఒకే స్కేలుకు మార్చి ఒకదాని మీద ఒకటి పరిచాం. ఒక దశాబ్దంలో కనిపించి తర్వాతి దశాబ్దంలో మాయమయ్యే వాటి మీదే చూపు పెట్టాలి. ఒక ఫొటోలో గుంత కనబడి, తర్వాతి ఫొటోలో అక్కడ చదునైన నేల ఉంటే, దాన్ని దేనితో పూడ్చారన్నదే ప్రశ్న. చాలా చోట్ల బాయిలరు బూడిద, పోత ఇసుక, విరిగిన ఇటుకలు, పనికిరాని డ్రమ్ములతో పూడ్చి ఉంటారు.

అక్కడ పనిచేసిన పాతవాళ్లు చిన్న ఊళ్లో ఇంకా దొరుకుతారు, అదొక్కటి మనకు కలిసొచ్చే విషయం. వాళ్లను "ఏ రసాయనాలు వాడేవారు?" అని అడిగితే రెండు పేర్లు చెప్పి ఆగిపోతారు. తొట్లు కడిగిన నీళ్లు ఎటు పోయేవి, ఖాళీ పీపాలు ఏ గోడ పక్కన పేర్చేవారు, ఎక్కడ గడ్డి మొలిచేది కాదు, వానలకు ఎక్కడ నీళ్లు నిలిచేవి, తొట్టి అడుగున పేరుకున్న మడ్డి ఎవరు తీసి ఎక్కడ పోసేవారు అని అడగాలి. డ్రాయింగులో లేని సంపు ఒకటి ప్లేటింగ్ షాపు వెనక ఉందని మాకు ఆ చివరి ప్రశ్నతోనే తెలిసింది.

ఏ పనికి ఏ విషం అన్న లెక్క అలవాటైతే సగం దారి కనబడుతుంది. బొగ్గు నుంచి గ్యాసు తీసిన చోట తారు, బెంజీన్, ఫినాళ్లు ఉంటాయి, సైనైడ్ సమ్మేళనాలతో నీలం రంగుకు తిరిగిన మట్టి కూడా ఉంటుంది. తోళ్లు శుద్ధి చేసిన చోట క్రోమియం, కర్ర దుంగలకు చెదల మందు పట్టించిన చోట ఆర్సెనిక్, రాగి, క్రియోసోట్ అనే తారు నూనె. బట్టల డ్రైక్లీనింగ్ అంటే పెర్‌క్లోరోఇథిలీన్. పాత ట్రాన్స్‌ఫార్మర్ అంటే దాని నూనెలోని పీసీబీలు అనే క్లోరిన్ రసాయనాలు. మంటలార్పే నురగతో శిక్షణ ఇచ్చిన మైదానమైతే పీఫాస్ అనే, ఓ పట్టాన విరగని ఫ్లోరిన్ రసాయనాలు. బ్యాటరీలు విప్పిన పెరడైతే సీసం, దాని పక్కనే ఆమ్లం. పేరుకు "మెకానికల్ వర్క్‌షాపు" అని రాసి ఉన్నా లోపల జిడ్డు వదిలించే తొట్టి ఉంటే క్లోరిన్ సాల్వెంట్లను మన జాబితాలోకి ఎక్కించాల్సిందే.

తర్వాత కాలినడకన తిరిగాం. గచ్చు మీద రంగు తేడాగా ఉన్న కొత్త కాంక్రీటు ముక్క, నేలలోంచి పొడుచుకొచ్చిన రెండంగుళాల గాలి గొట్టం, గోడ అడుగున పూసిన పసుపు ఉప్పు, ఇవన్నీ గుర్తులే. ప్లేటింగ్ షాపు గోడకు ఆ పసుపు పూత కనిపిస్తే వేలితో ముట్టుకోకూడదు, అది క్రోమేట్ అనే విషపు క్రోమియం ఉప్పు కావచ్చు. మురుగు కాలువలు ఎటు పోతున్నాయో తేల్చడానికి రంగు నీళ్లు పోసి మ్యాన్‌హోల్ దగ్గర మనిషిని నిలబెట్టాం. ప్లాన్‌లో తూర్పుకు పోతున్న కాలువ అసలు స్థలంలో పడమరకు పోయింది. పగిలిన కాలువ కీళ్లు కారిన చోట్లు ఎప్పుడూ ముఖ్యం, గొట్టం చుట్టూ పోసిన కంకర నీళ్లకు రహస్య దారి అవుతుంది.

ఇదంతా ఒకే కాగితం మీదికి రావాలి: విషం ఎక్కడుంది, ఏ దారిన కదులుతుంది, ఎవరికి తగులుతుంది. ఈ మూడూ గొలుసులా కలిస్తేనే ప్రమాదం. మట్టిలో సీసం ఉండి దానిపై శాశ్వతంగా కాంక్రీటు ఉంటే పిల్లల నోటికి పోయే దారి లేదు. అదే సీసం పెరట్లో ఉంటే దారి తెరిచి ఉన్నట్టే. సాల్వెంట్ విషయంలో కాంక్రీటు అడ్డం కాదు, ఆవిరి పగుళ్ల గుండా పైకి వస్తుంది. ప్రతి బోరు ఈ బొమ్మలోని ఏదో ఒక గీతను పరీక్షించడానికే పడాలి. దేన్ని పరీక్షిస్తుందో చెప్పలేని బోరును జాబితాలోంచి కొట్టేశాం.

గడి పద్ధతి గురించి ఒక లెక్క. స్థలమంతా సమానమైన చదరపు గడులుగా గీసి గడికొక గుంత తవ్వితే, 95 శాతం నమ్మకంతో దొరికే వృత్తాకారపు మురికి మచ్చ వ్యాసార్ధం, గడి దూరానికి 0.59 రెట్లు. 25 మీటర్ల గడి అంటే రెండు హెక్టార్లకు 32 గుంతలు. వాటికి దొరికేది దాదాపు 30 మీటర్ల వెడల్పు మచ్చ మాత్రమే. మా సంపు వెడల్పు మూడు మీటర్లు. దాన్ని గుడ్డిగా గడులతో పట్టుకోవాలంటే రెండున్నర మీటర్లకొక గుంత, మొత్తం మూడు వేలకు పైగా. రెండు వారాలు కాగితాలు తిరగేయడం ఎందుకని అడిగిన యజమానికి ఈ ఒక్క లెక్క చాలింది. మేం అనుమానపు చోట్ల ప్రత్యేకంగా, మిగతా స్థలమంతా గడిగా, రెండూ కలిపి చేశాం. మనకు తెలియనిది ఏమన్నా మిగిలిందా అని చూసుకోవడానికే గడి.

తవ్వే రోజు మొదట కేబుళ్లు, గొట్టాలు. లొకేటరుతో గాలించి, మొదటి 1.2 మీటర్లు చేత్తోనే తవ్వాలి. మూతపడ్డ ఫ్యాక్టరీ కాబట్టి కరెంటు ఉండదనుకోవడం పెద్ద పొరపాటు, పక్క స్థలానికి పోయే కేబులు ఈ నేల కిందనే ఉండొచ్చు. భూమిలోని ట్యాంకుల కోసం, ఇనుమును పసిగట్టే మాగ్నెటోమీటరు మంచి పని చేస్తుంది. నేలలోకి తరంగాలు పంపి చూసే రాడారు బంకమట్టిలో మీటరు లోతు దాటక ముందే గుడ్డిదవుతుంది. ఎక్స్‌కవేటరుతో తీసిన గుంతలోకి మనిషి దిగకూడదు, శాంపిల్ బకెట్‌లోంచే తీసుకోవాలి. అదీ బకెట్ గోడకు అంటిన మట్టి కాకుండా నడిమి ముద్ద. తవ్విన మట్టిని తీసిన వరసకు తిరగేసి పూడ్చాలి. లేకపోతే రెండు మీటర్ల లోతున ఉన్న మురికిని మనమే పైకి తెచ్చి పరిచినట్టవుతుంది.

లోతుల విషయంలో మేం పాటించింది ఇది: పైన 10 సెంటీమీటర్లు వేరుగా, ఫిల్లింగ్ మట్టి మధ్యలో ఒకటి, ఫిల్లింగ్ ఆగి అసలు నేల మొదలయ్యే చోట ఒకటి, నీటిమట్టానికి కాస్త పైన ఒకటి. మీటరుకొకటి అని కొలిచి తీసేవాళ్లున్నారు. మట్టి మారిన చోట తీయాలి, టేపు మీద అంకె వచ్చిన చోట కాదు. రెండు పొరలు ఒకే సీసాలో కలిస్తే ఆ అంకె ఏ పొరకూ చెందదు.

బంకమట్టి పొర దగ్గర చాలా జాగ్రత్త పడాలి. డీజిల్ నీటి మీద తేలుతుంది, కాబట్టి నీటిమట్టం దగ్గర వెతికితే చాలు. జిడ్డు వదిలించే తొట్లలో వాడే ట్రైక్లోరోఇథిలీన్ అనే సాల్వెంట్ సాంద్రత 1.46 (నీళ్లది 1), నీళ్లలోంచి దిగిపోయి బంకమట్టి మీద మడుగు కడుతుంది. తెలియక ఆ మడుగు గుండా బోరు వేసి బంకమట్టిని తూట్లు పొడిస్తే, పై నీళ్లలోని విషాన్ని కింద బాగున్న నీళ్లలోకి మన చేతులతో మనమే దింపినట్టు. అమెరికాలో తాగునీటిలో దీని పరిమితి లీటరుకు 5 మైక్రోగ్రాములు. ఆ కొలతన ఒక్క లీటరు ట్రైక్లోరోఇథిలీన్ 29 కోట్ల లీటర్ల నీళ్లను పాడుచేయగలదు. అందుకే తొట్టి ఉన్న చోట నేరుగా నడిమధ్యకు పోకుండా బయటి నుంచి లోపలికి వచ్చాం, బంకమట్టి తగలగానే ఆపేశాం. ఇంకా కిందికి పోవాల్సిన ఒకే ఒక చోట పెద్ద కేసింగ్ బంకమట్టిలో నాటి, సిమెంటుతో మూసి, దాని లోపల చిన్న బోరు దించాం.

మట్టి బయటికి రాగానే పీఐడీ పెట్టి చూస్తారు. గాలిలోని రసాయనాల ఆవిరిని అతినీలలోహిత దీపంతో కొలిచే చేతి పరికరం అది. వాడే పద్ధతి: జిప్ సంచిలో సగం వరకు మట్టి వేసి, గడ్డలు చిదిపి, మూసి, పది నిమిషాలు నీడలో ఉంచి, గొట్టం మొన లోపలికి దూర్చి గరిష్ఠ అంకె రాసుకోవాలి. మొన మట్టికి తగిలితే నీళ్లు లాగి ఆ రోజంతా పిచ్చి అంకెలు చూపిస్తుంది. పొద్దునే 100 పీపీఎం (పది లక్షల్లో వంద వంతులు) ఐసోబ్యుటిలీన్‌తో సరిచేసుకుని, మధ్యాహ్నం మళ్లీ చూసుకోవాలి. మామూలుగా ఉండే 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపానికి బెంజీన్, ట్రైక్లోరోఇథిలీన్ దొరుకుతాయి, క్లోరోఫాం, కార్బన్ టెట్రాక్లోరైడ్ దొరకవు. మీథేన్ అసలే దొరకదు. లోహాలకు దీంతో పనే లేదు. "పీఐడీ సున్నా చూపింది, నేల శుభ్రం" అని రాసిన రిపోర్టులు మేం చూశాం. ప్లేటింగ్ షాపు నేలకు ఆ వాక్యానికి అర్థమే లేదు.

లోహాలకు ఎక్స్‌ఆర్‌ఎఫ్ తుపాకీ ఉంది, ఎక్స్‌రేలు పంపి మట్టిలోని లోహాలను చదివే చేతి పరికరం. ల్యాబు దూరమైన చోట అది ఎంతో ఆదుకుంటుంది, ఒక్క రోజులో వంద చోట్లు చూడొచ్చు. కానీ మట్టిలో తడి 20 శాతం దాటితే అంకె తగ్గి వస్తుంది, ఎండబెట్టి జల్లించాకే నమ్మాలి. సీసం, ఆర్సెనిక్ ఎక్స్‌రే గీతలు 10.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర దాదాపు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి సీసం ఎక్కువున్న చోట ఆర్సెనిక్ అంకెను పక్కన పెట్టాలి. క్రోమియం విషయంలో అది మొత్తం క్రోమియమే చెబుతుంది. ప్రమాదమంతా దాని రూపాల్లో ఒకటైన ఆరు వేలెన్సీ క్రోమియంతో, దానికి ల్యాబే గతి.

సీసాల దగ్గర మా టైంటేబుల్ అంతా గడువులే నిర్ణయించాయి. ఆవిరయ్యే రసాయనాలకు మట్టిని జాడీలో కూరడం పనికిరాదు, మూత పెట్టేలోపే సగం ఎగిరిపోతుంది. చిన్న సిరంజి లాంటి కోరర్‌తో అయిదు గ్రాములు తీసి, ముందే తూచి పెట్టిన మెథనాల్ సీసాలో వేసి వెంటనే బిగించాలి. సీసా అంచున ఒక్క ఇసుక రేణువు ఉన్నా మూత కూర్చోదు, గుడ్డతో తుడిచాకే తిప్పాలి. అలా చేస్తే 14 రోజుల గడువు. మెథనాల్ లేకుండా పంపితే 48 గంటలే. నీటిలోని ఆరు వేలెన్సీ క్రోమియంకు, అది మారిపోకుండా ఆపే బఫర్ ద్రావణం కలపకపోతే, 24 గంటలు. మా ల్యాబు దూరానికి అది ఒక రాత్రి బస్సు, ఒక పొద్దున క్యూ. కాబట్టి క్రోమియం నీళ్లు సాయంత్రమే తీసి, ఆ రాత్రే పంపేవాళ్లం. ఉదయం తీసింది గడువు దాటేది. సెలవుకు ముందు రోజు శాంపిల్ తీయడం మానేశాం. ఐసుపెట్టెలో ఒక మామూలు నీళ్ల సీసా కూడా పెట్టాలి, ల్యాబువాళ్లు ముందు దాని ఉష్ణోగ్రత చూస్తారు. ఆరు డిగ్రీలు దాటితే ఆ పెట్టె మొత్తం మీద అనుమానం పడుతుంది.

మన పనిలో తప్పులు పట్టుకోవడానికి ప్రతి 20 శాంపిళ్లకు ఒకటి జంట శాంపిల్, కడిగిన పనిముట్ల మీదుగా పోసిన శుభ్రమైన నీళ్లు ఒకటి, ల్యాబు నుంచి వచ్చి తెరవకుండా తిరిగిపోయే సీసా ఒకటి. ఖర్చు తగ్గించమన్నప్పుడు అందరి కళ్లూ మొదట వీటి మీదే పడతాయి. తీసేస్తే మాత్రం, తర్వాత ఎవరైనా ఆ మురికి మీరు తవ్విన పనిముట్టుదని వాదిస్తే చెప్పడానికి జవాబు ఉండదు.

నేల కింది నీళ్లను చూడటానికి వేసిన పరిశీలన బోర్లకు 50 మిల్లీమీటర్ల పీవీసీ గొట్టాలు మరలతో కలిపాం. జిగురు వాడకూడదు, అందులోని సాల్వెంట్లు నీటిలో కలిసి ల్యాబు రిపోర్టులో కాలుష్యంగా కనబడతాయి. చిల్లుల గొట్టం మూడు మీటర్లు, అది నీటిమట్టానికి అటూ ఇటూ ఉండాలి. పూర్తిగా మునిగితే పైన తేలే డీజిల్ బోరులోకి రాదు, "ఏమీ లేదు" అని రాసుకుని వచ్చేస్తాం. చుట్టూ జల్లించిన ఇసుక చిల్లుల పైకి 60 సెంటీమీటర్ల వరకు, ఆపైన నీళ్లు తగిలితే ఉబ్బి మూసుకునే బెంటోనైట్ మట్టి, ఆపైన సిమెంటు. నీళ్లు పారే దిక్కు తెలియాలంటే ఒకే గీత మీద లేని మూడు బోర్లు కావాలి. చదునైన ఊళ్లలో నీటి వాలు వెయ్యి మీటర్లకు ఒక మీటరే ఉండొచ్చు, అంటే 50 మీటర్ల దూరంలో తేడా అయిదు సెంటీమీటర్లు. ఒక గొట్టం అంచు సర్వేలో రెండు సెంటీమీటర్లు తప్పితే దిక్కే తిరిగిపోతుంది. అంచు మీద గాటు పెట్టి, ఎప్పుడూ ఆ గాటు నుంచే, అన్ని బోర్లూ ఒకే రోజు కొలిచాం.

నీటి శాంపిల్‌కు బకెట్ వేసి తోడితే బురద లేస్తుంది, బురదతో పాటు లోహాల అంకె లేస్తుంది. చిన్న పంపుతో నిమిషానికి పావు లీటరు చొప్పున తోడుతూ పీహెచ్, కండక్టివిటీ, ఆక్సిజన్, బురద కొలత చూస్తుండాలి. అయిదేసి నిమిషాల తేడాతో మూడు సార్లు పీహెచ్ 0.1 లోపు, కండక్టివిటీ 3 శాతం లోపు నిలబడితే అప్పుడు సీసా పట్టాలి. కరిగిన లోహాలకు 0.45 మైక్రాన్ల వడపోత ముందు, ఆమ్లం తర్వాత. వరస తిరగబడితే బురదలోని లోహం ఆమ్లంలో కరిగి కరిగిన లోహంగా లెక్కకొస్తుంది.

గచ్చు కింద ఆవిరి కొలవడానికి రంధ్రం వేసి స్టీలు ముక్కు బిగించి, మీద డబ్బా బోర్లించి అందులో హీలియం నింపుతాం. లాగిన గాలిలో హీలియం కనబడితే మనం కొలుస్తున్నది గదిలోని గాలే. డబ్బాలో ఉన్నదానిలో 10 శాతం దాటితే ముక్కు మళ్లీ బిగించాలి. మాకు మూడింటిలో ఒకటి ఇలా కారింది, కారణం పగిలిన గచ్చు. పూడ్చిన గుంత ఉన్న చోట మీథేన్ కూడా చూడాలి. అది వాయుపీడనం పడిపోతున్న రోజు చూడాలి, పీడనం పెరిగే రోజు నేల గాలిని లోపలికే పీలుస్తుంది.

ల్యాబు రిపోర్టు వచ్చాక మొదట చూసేది అంకెలను కాదు, యూనిట్లను. మైక్రోగ్రాములా మిల్లీగ్రాములా, తడి బరువు మీదా పొడి బరువు మీదా? 25 శాతం తడి ఉన్న మట్టిలో తడి బరువున 75 అంటే పొడి బరువున 100. తర్వాత చూసేది "కనబడలేదు" అన్న మాట. పరిమితి 5 ఉండి ల్యాబు కొలవగలిగే కనిష్ఠం 20 అయితే ఆ మాటకు విలువ లేదు. మురికి ఎక్కువున్న శాంపిల్‌ను ల్యాబు పలచన చేసినప్పుడు ఇలా అవుతుంది. ఎంతవరకు కొలవగలరో పని ఒప్పుకునే ముందే రాతలో తీసుకోవాలి. సగటుల విషయంలో ఒక్క మాట: ప్లేటింగ్ షాపు అంకెలనూ ఖాళీ మైదానం అంకెలనూ కలిపి సగటు తీస్తే రెండూ "పరవాలేదు" అవుతాయి. ఒకే పని జరిగిన, ఒకే ఫిల్లింగ్ ఉన్న భాగాన్ని ఒక ముక్కగా తీసుకుని, ఆ ముక్క సగటుకు 95 శాతం నమ్మకపు పై అంచును, అంటే అసలు సగటు దాటదని 95 శాతం నమ్మకంతో చెప్పగల అంకెను, పరిమితితో పోల్చాలి. ఏ ఏటి పరిమితో కూడా రాయాలి. ఇళ్ల స్థలాల్లో సీసానికి అమెరికా పర్యావరణ సంస్థ వడపోత అంకె (దాటితే ఇంకా లోతుగా చూడాలనే హద్దు) 1994 నుంచి కిలో మట్టికి 400 మిల్లీగ్రాములు, 2024 జనవరిలో దాన్ని 200 చేశారు. 300 వచ్చిన పెరడు ఒక్క రాత్రిలో అటు నుంచి ఇటు మారింది.

చిన్న నగరంలో భూమి ధర తక్కువ కాబట్టి మట్టంతా తవ్వి లారీల్లో తరలిస్తే లెక్క తేలదు. మేం ప్లాన్‌నే జరిపాం. బూడిద ఫిల్లింగ్ ఉన్న మూల పార్కింగ్ అయింది, పెరళ్లు మైదానం వైపు పోయాయి, వాటి మీద నారగుడ్డ పరిచి 60 సెంటీమీటర్ల శుభ్రమైన మట్టి. సంపు చుట్టూ మాత్రం తవ్వేశాం, నాలుగు పక్కల గోడల నుంచీ అడుగు నుంచీ శాంపిళ్లు తీసి అవి పాసయ్యాకే పూడ్చాం. తొట్టి ఉన్న చోట ఇల్లు రాదు, రోడ్డు వస్తుంది.

పని అయ్యాక మిగిలేవి డ్రమ్ములు. తోడిన నీళ్లు, బోరు మట్టి, కడిగిన నీళ్లు, అన్నిటికీ లేబుల్, తేదీ, బోరు నంబరు. ఫలితాలు వచ్చేదాకా అవి కదలకూడదు. పరిశీలన బోర్లను పైన కోసేసి వదలకుండా అడుగు నుంచి సిమెంటు-బెంటోనైట్ ముద్ద పంపి నింపాం. ఆఖరి డ్రాయింగు స్ట్రక్చరల్ ఇంజినీరుకు ఇచ్చాం. బంకమట్టి పై అంచు ఎంత లోతున ఉందో, ఏ భాగంలో దాన్ని పొడుచుకుపోయే పైల్స్ (నేలలోకి దించే పునాది స్తంభాలు) వేయకూడదో ఎర్ర గీతతో అందులో చూపించాం.